మొలలన్నారు, క్యాన్సర్ అని తేలింది. కేసు వేస్తే నిలబడుతుందా?

ఈ ప్రశ్నతో ఈమధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. నేను లాయర్ని కాదు, కర్నూల్లో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పుకునేవాణ్ణి. మా చిన్నాయన తరఫున జిల్లా వినియోగదారుల కమిషన్లో ఒక ఫిర్యాదు నడుస్తోంది, ఆ ఫైలు పట్టుకుని తిరిగేది నేను, ఆ సంగతి మార్కెట్ యార్డు మొత్తం పాకిపోయింది, అంతే. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా. కాస్త పొడుగైంది, ఓపికుంటే చదవండి.

చిన్నాయన యార్డులో ఉల్లిగడ్డల మండీలో గుమాస్తా. యాభై దాటినాయి. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోందని చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గు. చిన్నమ్మ కనిపెట్టి పోరు పెడితే టౌన్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయినాడు (పేరు రాయను, కేసు నడుస్తోంది). డాక్టరు కుర్చీలోంచే రెండు మాటలు అడిగి "మొలలు. కారం తగ్గించు, నీళ్లు బాగా తాగు" అని ఒక ఆయింట్‌మెంటు, మాత్రలు, ఇసబ్‌గోల్ పొడి రాసిచ్చినాడు. మంచం ఎక్కమన్నది లేదు, చూసింది లేదు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గింది, మళ్లీ మొదలైంది. మళ్లీ అదే డాక్టరు, అదే చీటీ, ఆయింట్‌మెంటు మాత్రం వేరే కంపెనీది. ఇట్లా ఏడాది పైనే నడిచింది. చివరికి ఒకరోజు మండీలో తూకం దగ్గర కళ్లు తిరిగి కూలబడిపోతే రక్తపరీక్ష చేయించారు, హిమోగ్లోబిన్ ఆరు. అప్పుడు హైదరాబాదు తీసుకుపోయినాం. అక్కడి డాక్టరు చేసిన మొట్టమొదటి పని చేతికి గ్లౌజు తొడుక్కుని వేలితో పరీక్ష చేయడం. నిమిషం కూడా పట్టలేదు. బయటికొచ్చి మా ముఖం చూసి కొలనోస్కోపీకి (గొట్టం పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) రాశాడు. ఆ తర్వాత బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష), ఎంఆర్‌ఐ. రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్, మూడో స్టేజీ, పక్కనున్న గ్రంథులకు కూడా పాకింది.

రేడియేషన్, కీమో, ఆపరేషన్ అన్నీ అయినాయి. దొడ్డికి పొట్ట మీద సంచి ఉంది. మనిషి బతికున్నాడు, ఒక పూట మండీకి కూడా పోయి వస్తున్నాడు. అడిగేవాళ్లలో సగం మంది చిన్నాయన పోయినాడనుకుని మాట్లాడుతున్నారు కాబట్టి ఇది ముందే చెప్తున్నా.

సరే, కేసు. మొదట ఒక చేదు మాట వినాలి. డాక్టరు చెప్పిన జబ్బు తప్పయినంత మాత్రాన చట్టం దృష్టిలో అది నిర్లక్ష్యం కాదు. సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో ఈ మాట విడమరచి చెప్పింది. ఆ కేసు కూడా ఒక క్యాన్సర్ పేషెంటుదే: 1995లో, లూధియానా ఆస్పత్రిలో, ఊపిరాడక కొట్టుకుంటున్న పెద్దాయనకు తెచ్చి పెట్టిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీది. అయినా డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నిలబడలేదు. ఆ చదువు, ఆ స్థాయి ఉన్న మామూలు డాక్టరు ఎవరైనా ఆ పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడో అది చేశాడా లేదా అన్నదే కొలబద్ద అన్నారు. ఈ కొలబద్ద ఇంగ్లండులో 1957 నాటి బోలం కేసు నుంచి వచ్చింది. క్రిమినల్ కేసుకైతే ఇది కూడా చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం కావాలి, పైగా ఇంకో డాక్టరు అభిప్రాయం లేకుండా పోలీసులు ముందుకు పోకూడదు. కాబట్టి "స్టేషన్లో కంప్లైంట్ ఇస్తే లోపలేస్తారు కదా" అని అడిగేవాళ్లకు నా జవాబు: వేయరు. కొత్త చట్టం, అంటే 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది, డాక్టరు నిర్లక్ష్యానికి రెండేళ్ల దాకా శిక్ష అంటుంది, అయితే అది మనిషి చనిపోతేనే.

డబ్బు నష్టపరిహారం సంగతి వేరు. అక్కడ ఘోరమైన నిర్లక్ష్యం అక్కర్లేదు, మామూలు నిర్లక్ష్యం చాలు. మా ఫిర్యాదు రాసేటప్పుడు కూర్చుని తేల్చుకున్నది ఇదే. మొదటిసారి రక్తం చూసి మొలలు అనుకోవడం తప్పు కాదు. చాలామందికి అది మొలలే అవుతుంది. వేలితో చూడకుండా అనుకోవడం తప్పు. మందుకు తగ్గకపోయినా, మనిషి బరువు కరిగిపోతున్నా, మూడోసారీ నాలుగోసారీ అదే మాట అనడం ఇంకా పెద్ద తప్పు. మలద్వారానికి ఏడెనిమిది సెంటీమీటర్ల లోపల ఉన్న గడ్డ చాలావరకు వేలికే తగులుతుందని సర్జరీ చదివిన ప్రతి పిల్లాడికీ తెలుసు, దానికి స్కానింగు అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. చిన్నాయన గడ్డ ఆ లోపలే ఉంది, హైదరాబాద్ రిపోర్టులో సెంటీమీటర్లతో సహా రాశారు.

మరి ఆ వేలి పరీక్ష చేయలేదని రుజువేంటి? ఇక్కడే చిన్నమ్మ కాగితాలు పనికొచ్చాయి. ఆమెకు చదువు రాదు. కానీ రేషన్ కార్డు నుంచి డ్వాక్రా లోను దాకా ఏ ఆఫీసుకు పోయినా "ఆ కాగితం తెచ్చినావా, ఈ కాగితం తెచ్చినావా" అని తిప్పి తిప్పి కొట్టడంతో చేతికొచ్చిన చిత్తుకాగితం కూడా పారేయదు. దివాన్ కింద ఒక ఎక్స్‌రే కవర్లో ఓపీ చీటీలన్నీ ఉన్నాయి. ఒక్కోదాని మీద డాక్టరు రాత రెండు లైన్లు. "బ్లీడింగ్ పి/ఆర్" (మలద్వారం నుంచి రక్తం) అని కంప్లైంటు, కింద "పైల్స్", కింద మందులు. పరీక్ష చేస్తే ఏం కనిపించిందో రాయాల్సిన జాగా ఖాళీ. ఒక్క చీటీలో కాదు, అన్నిట్లో.

ఇంకొకటి ఉంది, నేను కూడా చీటీలన్నీ నేల మీద వరసగా పరిచాక చూశా. పైన కుడివైపు మూలన, వేరే సిరాతో, సిస్టరమ్మ రాసిన బీపీ, బరువు. లోపలికి పంపే ముందు బయట మిషన్ మీద నిలబెడతారు కదా, అది. 68. తర్వాతి చీటీలో 66. తర్వాత 63. 60. చివరిదాన్లో 57. డాక్టరు కళ్ల ముందే, ఆయన కాగితం మీదే, మనిషి పదకొండు కిలోలు తరిగిపోయాడు, ఆ అంకెల కిందే ఆయన "పైల్స్" అని రాసుకుంటూ పోయాడు. మా లాయరు ఆ చీటీలు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వీటి ఒరిజినల్స్ నాక్కూడా ఇవ్వొద్దు, కలర్ జిరాక్సులు తీయించి తీసుకురాపో" అన్నాడు.

వాళ్ల వైపు జవాబు కూడా చెప్పాలి. కారం, నూనె మానేయమన్నాం, అందుకే బరువు తగ్గాడు అన్నారు. కొలనోస్కోపీ చేయించుకోమని నోటిమాటగా చెప్పాం, పేషెంటే పోలేదు అన్నారు. ఆ మాట ఏ చీటీలోనూ లేదు.

అసలు నేను ఇదంతా రాయడానికి కారణం వేరే. మన సీమలో ఆస్పత్రి మీద కడుపు మండితే మనకు తెలిసిన దారి ఒకటే, గేటు ముందు కూర్చోవడం. టెంటు పడుతుంది, కులసంఘం వస్తుంది, రెండు పార్టీల వాళ్లూ వస్తారు, సీఐ వస్తాడు, రాత్రికి లోపల గదిలో పెద్దమనుషులు కూర్చుని ఒక అంకె తెంచుతారు, తెల్లారేసరికి గేటు ఖాళీ. ఇది మంచిదా చెడ్డదా అన్నది అటుంచండి (2008 నుంచి మన రాష్ట్రంలో దీనికి ప్రత్యేక చట్టమే ఉంది, డాక్టర్ల మీద చెయ్యి చేసుకున్నా ఆస్పత్రి సామాను పగలగొట్టినా మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, పగిలినదానికి రెండింతలు కట్టాలి). కాన్పులోనో ఇంజెక్షన్ వికటించో మనిషి ఆస్పత్రిలోనే పోతే ఈ పంచాయితీ నడుస్తుంది. గుర్తించకుండా వదిలేసిన క్యాన్సర్‌కు నడవదు. ఎందుకంటే తప్పు జరిగిన రోజున ఎవరికీ ఏమీ కాలేదు. పేషెంటు తన కాళ్ల మీద తాను నడిచొచ్చి, ఫీజు కట్టి, డాక్టరుకు దండం పెట్టి, నడిచి వెళ్లిపోయాడు. చావో బతుకో తేలేది రెండేళ్ల తర్వాత, అదీ ఇంకో ఊళ్లో. కర్నూలోళ్లకు హైదరాబాదు, అనంతపురమోళ్లకు బెంగళూరు కిద్వాయ్, కడపోళ్లకు తిరుపతో వేలూరో. అక్కణ్ణుంచి మనిషిని అంబులెన్సులో ఊరికి తెచ్చుకుని అన్నీ అయ్యాక, ఎవరి గేటు ముందు కూర్చుంటాం? ఆ మొదటి డాక్టరుకు మన ముఖం కూడా గుర్తుండదు. ఈ రకం తప్పుకు గుంపు పనికిరాదు, పలుకుబడి పనికిరాదు, కాగితం ఒక్కటే పనికొస్తుంది. మనకేమో కాగితాల మీద నమ్మకం తక్కువ, మనుషుల మీద ఎక్కువ.

మా చిన్నాయన బావమరిది కూడా "ఎందుకప్పా కోర్టులు గీర్టులు, మనోళ్లు నలుగురం పోయి మాట్లాడితే ఎంతో కొంత ఇస్తాడు" అన్నాడు. పోయి మాట్లాడినారు కూడా. ఇస్తామన్నది పెద్ద మొత్తం కాదు, దానికి బదులు అడిగింది మాత్రం ఓపీ చీటీల ఒరిజినల్స్, ఇకమీదట ఏ క్లెయిమూ లేదని ఒక సంతకం. చిన్నాయన లేచి వచ్చేసినాడు.

టైమ్ సంగతి. వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఎప్పటినుంచి రెండేళ్లు అన్నదే తంటా. తప్పు చీటీ రాసిన రోజు నుంచా, క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచా? లోపల దాగి ఉన్న నష్టమైతే తెలిసిన రోజు నుంచి లెక్కవేయొచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది, కానీ అదే తీర్పులో పేషెంటు ఓడిపోయింది. 2010 నాటి శ్రీఖండే కేసు. ఆమె స్వయంగా నర్సు, 1993లో పిత్తాశయం ఆపరేషన్ అయింది, కడుపులో గుడ్డ వదిలేశారని 2002లో బయటపడింది. తొమ్మిదేళ్లు నొప్పితో ఉండి, వైద్యం తెలిసినదానివై ఉండి, ఎవరికీ చూపించుకోకపోతే ఎట్లా అని కోర్టు కొట్టేసింది. చదివినప్పుడు నాకు అన్యాయమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. మీకు పనికొచ్చే మాట ఏమిటంటే, బయాప్సీ రిపోర్టు మీద ఉన్న తేదీని గోడ మీద రాసుకోండి, ట్రీట్‌మెంటు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. కీమోలు, రేడియేషన్లు, చెకప్పులు అయ్యేసరికి రెండేళ్లు ఊరికే పోతాయి. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, అయితే అది మన హక్కు కాదు, వాళ్ల దయ.

"ఇంకో డాక్టరు వచ్చి ఈయన తప్పు చేశాడని చెప్పాలి కదా, ఎవడు చెప్తాడు?" అన్నది అందరి టెన్షన్. న్యాయమైన టెన్షనే. కర్నూల్లో డాక్టర్లలో సగం మంది ఒకే మెడికల్ కాలేజీ సీనియర్లు, జూనియర్లు, ఒకరి మీద ఒకరు కాగితం మీద పెట్టరు. పక్కకు పిలిచి "ఘోరమప్పా ఇది" అంటారు, రాసిమ్మంటే ఫోన్ ఎత్తరు. దీనికి మన తెలుగు నేల మీది కేసే ఒకటి దారి చూపించింది. హైదరాబాదులో కిషన్‌రావు అనే ఆయన, మలేరియా డిపార్ట్‌మెంటులోనే ఆఫీసరు, 2002లో చలిజ్వరంతో ఉన్న భార్యను ప్రైవేటు ఆస్పత్రిలో చేరిస్తే మలేరియాను వదిలేసి టైఫాయిడ్‌కు వైద్యం చేశారు, ఆమె పోయింది. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్‌కు పాత పేరు) రెండు లక్షలు ఇవ్వమంది, పై ఫోరాలు నిపుణుడి సాక్ష్యం లేదని కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం మాటే నిలబెట్టింది. ప్రతి కేసుకూ నిపుణుడు అక్కర్లేదు, రికార్డు చూస్తేనే తెలిసిపోయే తప్పుకు నిపుణుడెందుకు అంది. మా లాయరు ఈ తీర్పు పట్టుకునే వెళ్తున్నాడు. అయినా క్యాన్సర్ కేసుల్లో నిపుణుడి మాట దాదాపుగా కావాల్సే వస్తుంది, తప్పు జరిగిందని చెప్పడానికి కాదు, ఆ తప్పు వల్ల ఎంత నష్టం జరిగిందో చెప్పడానికి.

అదే అసలైన యుద్ధం. "సరే, మేం చూడలేదే అనుకోండి, చూసినా ఇదే జరిగేది, జబ్బు మేం పెట్టలేదు కదా" అంటారు. తీసిపారేసే వాదన కాదిది. ఇంగ్లండులో గ్రెగ్ అనే ఆయన చంక కింద గడ్డ చూపించుకుంటే డాక్టరు స్కాట్ కొవ్వుగడ్డ అని పంపేశాడు. అది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. దాదాపు తొమ్మిది నెలలు ఆలస్యం. పదేళ్లు బతికే అవకాశం నూటికి 42 నుంచి 25కు పడిపోయిందని లెక్క తేలింది. డాక్టరు నిర్లక్ష్యం రుజువైంది కూడా. అయినా 2005లో ముగ్గురు జడ్జీలు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు ఉండి గ్రెగ్ ఓడిపోయాడు. ఎందుకంటే మొదట్లో కూడా ఆయనకు బతికే అవకాశం సగం కంటే తక్కువే, కాబట్టి ఆలస్యమే కొంప ముంచిందని "సగానికి పైగా" నమ్మకంతో చెప్పలేం అన్నారు. నలభై రెండు శాతం బతుకు ఉన్నవాడి దగ్గర పదిహేడు శాతం లాగేసుకుంటే అది నష్టం కాదట! కామర్స్ చెప్పేవాడిగా నాకు ఈ లెక్క మింగుడుపడదు. నా అల్మారాలో ఉన్న దాంట్లో సగానికి పైగా పోతేనే దొంగతనం అన్నట్టుంది. అది మన కోర్టుల్ని కట్టిపడేసే తీర్పు కాదులెండి, కానీ అవతలి లాయర్లు ఆ తరహా వాదన తెస్తారు, సిద్ధంగా ఉండాలి.

అందుకే మేం "ముందే చూస్తే జబ్బే ఉండేది కాదు" అని ఎక్కడా అనలేదు. ముందే తెలిసి ఉంటే జబ్బు పేగు గోడ దాటకముందే దొరికేది, ఆపరేషన్‌తో సరిపోయేదేమో, రేడియేషన్, కీమో ఇంత ఉండేవి కాదేమో, ఇంత ఖర్చు, ఇన్ని నెలల జీతం నష్టం ఉండేది కాదేమో, వాటి బిల్లులు ఇవిగో అన్నాం. పొట్ట మీద సంచి కూడా తప్పేదని రాద్దామని నేనంటే లాయరు ఒప్పుకోలేదు. గడ్డ అంత కింద ఉంటే తొందరగా చూసినా సంచి తప్పకపోవచ్చు, లేనిది అడిగితే ఉన్నది కూడా పోతుందన్నాడు. నిజమే.

ఇక తరచూ అడిగే చిన్న చిన్నవి.

ఫీజు: ఆస్పత్రికి మనం కట్టింది అయిదు లక్షల లోపైతే జిల్లా కమిషన్లో ఫిర్యాదుకు ఫీజే లేదు. ఏ కమిషన్‌కు పోవాలన్నది మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మనం కట్టిన డబ్బును బట్టి. యాభై లక్షల దాకా జిల్లాలోనే. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, కానీ ఇట్లాంటి కేసుల్లో వద్దనే చెప్తా. ఇంకో మంచి మార్పు ఏమిటంటే, 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయొచ్చు. హైదరాబాద్ ఆస్పత్రి మీద ఆదోనివాళ్లు కర్నూల్లోనే వేసుకోవచ్చు. ఆన్‌లైన్ కూడా ఉంది, ఇంతకుముందు ఇ-దాఖిల్, 2025 నుంచి ఇ-జాగృతి.

సర్కారు ఆస్పత్రి: అందరికీ ఉచితంగా చూసే చోట వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయినట్టే. 1995లో వి.పి.శాంత కేసులో డాక్టర్లను ఈ చట్టం కిందికి తెచ్చినప్పుడే సుప్రీంకోర్టు ఆ గీత గీసింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే చోటైతే ఆ ఉచితం వాళ్లు కూడా వేయొచ్చు. బిల్లు ఇన్సూరెన్సు కట్టినా అది డబ్బిచ్చి పొందిన సేవే అని కూడా అందులో ఉంది. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద ప్రైవేటులో చేయించుకున్నవాళ్ల తరఫున లాయర్లు పట్టుకునేది ఈ మాటే.

కేస్ షీట్: అడ్మిట్ అయి ఉంటే రికార్డు మొత్తం అడిగే హక్కు మనకుంది. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన, మూడేళ్లు దాచి ఉంచాలని కూడా. అడిగినట్టు రుజువు ఉండాలి, రిజిస్టర్ పోస్టులో పంపండి. ఓపీకి మాత్రం మన చేతిలోని చీటీయే దిక్కు. మెడికల్ షాపు, ల్యాబు బిల్లులు థర్మల్ పేపరువి, ఒక ఎండాకాలం దాటితే తెల్లకాగితాలే మిగుల్తాయి, వెంటనే జిరాక్స్ తీయించండి.

ఆర్‌ఎంపీ: ఆయన అసలు డాక్టరే కాదు. అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యం అని సుప్రీంకోర్టు 1996లోనే పూనమ్ వర్మ కేసులో అంది. అయినా ఊళ్లో ఎవరూ ఆర్‌ఎంపీ మీద కేసు వేయరు, అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే. నేనైనా వేయనేమో.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం అనిపించేది తీసిన ముక్క సంగతి. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక బయట కూర్చున్నవాళ్లను పిలిచి స్టీలు ట్రేలో చూపిస్తారు, "ఇదిగోమ్మా, తీసేసినాం చూడండి" అని. మనం తలకాయ ఊపి వచ్చేస్తాం. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందని ఎవరమైనా అడిగామా? గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి, ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి. తీసిన ప్రతిదీ పరీక్షకు పోవాలి, రిపోర్టు మన చేతికి రావాలి. మెడ కింద గడ్డకైనా అంతే. ముక్క తీసి చూడకుండా టీబీ అని నెలల తరబడి మందులు మింగించి, చివరికి లింఫోమా అని తేలినవాళ్ల ఇంటినుంచి నాకు ఫోన్ వచ్చింది. వాళ్ల దగ్గర బయాప్సీ రిపోర్టు లేకపోవడమే వాళ్ల కేసు.

తిరగబడిన తప్పు కూడా ఉంటుంది, లేని క్యాన్సర్ ఉందనడం. 2019లో కేరళలో కొట్టాయం మెడికల్ కాలేజీలో ఒక ప్రైవేటు ల్యాబు రిపోర్టు నమ్మి, ఒకామెకు లేని రొమ్ము క్యాన్సర్‌కు కీమో ఇచ్చారు, దేశమంతా పేపర్లలో వచ్చింది. కాబట్టి కీమో మొదలెట్టే ముందు ల్యాబు నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకు (తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచింది) అడిగి తీసుకుని ఇంకో పెద్ద ఆస్పత్రిలో చదివించండి. "బ్లాకు" అని ఆ పేరుతోనే అడగండి, వాళ్లకు అర్థమవుతుంది. డాక్టరు ఏమనుకుంటాడో అన్న మొహమాటం వద్దు, మంచి డాక్టర్లు వాళ్లే పంపిస్తారు.

డాక్టర్ల వైపు ఒక మాట చెప్పకపోతే పాపం తగుల్తుంది. నాకు తెలిసిన ఒక సర్జన్‌తో ఇదంతా మాట్లాడితే ఆయనన్నది: "పొద్దున ఓపీలో వందమంది. వేలితో చూడాలి, పడుకోండి అంటే మగోళ్లే వద్దు సార్, మందు రాయండి చాలు అంటారు. ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు." అబద్ధం కాదు, మా చిన్నాయనే మంచమెక్కమంటే మొదట గునిసేవాడేమో. మరి అప్పుడేం చేస్తారని అడిగా. "వద్దన్నారని చీటీలో రాస్తా, వాళ్ల చేత సంతకం పెట్టిస్తా. రాయని డాక్టరు ఇవాళ కాకపోతే రేపు దొరికిపోతాడు" అన్నాడు. ఆ ఒక్క లైను మా డాక్టరు రాసి ఉంటే మా ఫిర్యాదు అక్కడే ఆగిపోయేది.

మెడికల్ కౌన్సిల్‌కు కూడా రాశాం. వాళ్లు లైసెన్సు ఆపగలరు, మందలించగలరు, డబ్బు ఇప్పించలేరు. కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే డాక్టరు పైకి అప్పీలుకు పోవచ్చు, పేషెంటుకు ఆ దారి చట్టంలో రాయలేదు. దాని మీద నాకు పెద్ద ఆశల్లేవు.

కేసు ఇప్పుడెక్కడుందంటే, వాళ్ల వెర్షన్, అంటే రాతపూర్వక జవాబు, వచ్చింది, మా అఫిడవిట్ పడింది, చీటీలు సాక్ష్యంగా మార్కు అయినాయి. సిస్టరమ్మను సాక్షిగా పిలిపించాలా వద్దా అని మాలో మాకే తగువు. ఆ అమ్మాయి ఆ ఆస్పత్రిలో ఇప్పుడు పని చేయట్లేదు, నంద్యాల వైపు ఎక్కడో ఉందట. చిన్నమ్మ వద్దంటుంది, "ఆ పిల్ల రాసిందే మనకు ఆధారమాయె, దాన్ని కోర్టుకు ఈడిస్తే రేపు దానికి పనెవరిస్తారు" అని. లాయరేమో అవతలివాళ్లు బరువు అంకెలు తర్వాత రాసుకున్నారని అంటే అప్పుడు పిలవక తప్పదంటున్నాడు. హైదరాబాద్ సర్జన్ గడ్డ ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో తేదీతో సహా ఒక సర్టిఫికెట్ రాసిస్తానన్నాడు, అది ఇంకా రాలేదు. అదొస్తే వచ్చే వాయిదాకి వేస్తాం.